పాత హాలో బాడీ ఎలక్ట్రిక్ గిటారు మన కోస్తా ఉక్కకి తట్టుకుంటుందా?

కొత్తపట్నం_గాలి:
అన్నలూ, 1965 నాటిదని చెప్పి ఒక గిబ్సన్ ఈఎస్-175 అమ్మకానికి పెట్టారు. పూర్తి బోలు (హాలో) బాడీ, రెండు హంబకర్లు (తీగ ఊపుని కరెంటు సంకేతంగా మార్చే రెండు చుట్ల పికప్‌లు), తీగలు ఆనే అతికించని చెక్క బ్రిడ్జి, తీగల కొసలు పట్టే ట్రపీజ్ టెయిల్‌పీస్. వాయించేది చర్చిలో, పెళ్లి రిసెప్షన్లలో. పక్కన డ్రమ్స్, కీబోర్డు ఉంటాయి. ఇల్లు సముద్రం పక్కనే. ఆ నాదం కోసం అంత డబ్బు పెట్టొచ్చా? ఫీడ్‌బ్యాక్ ఎట్టా ఆపాలి? ఉప్పుగాలికి చెక్క నిలుస్తుందా?

పెన్నా_ఒడ్డు:
ఆ నాదం ఎక్కడ పుడుతుందో తెలిస్తే మిగతా బాధలన్నీ వాటంతటవే అర్థమవుతాయి తమ్ముడూ. లోపల బోలు లేని గట్టిచెక్క గిటారులో తీగ ఊపు తీగలోనే ఉంటుంది, అందుకే స్వరం చాలాసేపు నిలుస్తుంది. బోలు బాడీలో బ్రిడ్జి పలచటి పైపలకని ఊపుతుంది, తీగలోని శక్తిని ఆ పలక తాగేస్తుంది. మీటగానే స్వరం గుండ్రంగా లేస్తుంది, తొందరగా అణిగిపోతుంది. కార్డు (కలిపి మోగించే స్వరాలు) వాయిస్తే నాలుగు స్వరాలూ విడివిడిగా వినపడతాయి. పాటకి వెనక తాళం పట్టేవాడికి ఇంతకన్నా మంచి గొంతు దొరకదు. పొడుగ్గా సాగే సోలో కావాలంటే మాత్రం ఇది ఆ పనిముట్టు కాదు.

ఈఎస్-175 1949లో వచ్చింది. పైపలక లామినేట్ మేపుల్, అంటే పొరలు అతికించిన చెక్క. మొదట పీ-90 (ఒక్క చుట్టు) పికప్, 1957 నుంచి హంబకర్లు. 1951లో వచ్చిన ఎల్-5 సీఈఎస్ పైపలక చెక్కిన స్ప్రూస్. అది ఇంకా బాగా ఊగుతుంది, ఇంకా బాగా అరుస్తుంది కూడా. డ్రమ్స్ పక్కన వాయించేవాడికి లామినేట్ తక్కువరకం కాదు, అదే సరైన రకం.

కావలి_కార్డు:
ఫీడ్‌బ్యాక్ గురించి నేను చెప్తా. స్పీకరు గాలి పైపలకని కొడుతుంది, పలక తీగని కదుపుతుంది, ఆ శబ్దం మళ్లీ స్పీకరుకి పోతుంది. ప్రతి బోలు బాడీకీ తనదైన ఒక కంపనం ఉంటుంది. లోతైన బాడీల్లో సాధారణంగా 100 నుంచి 130 హెర్ట్జ్ మధ్య, అంటే ఆరో తీగ మీద 3 నుంచి 8వ ఫ్రెట్ (మెడ మీది లోహపు మెట్టు) దాకా వచ్చే స్వరాల దగ్గర. ముందు దాన్ని పట్టుకోవాలి. తీగలేవీ నొక్కకుండా వదిలేసి, యాంప్ వాల్యూమ్ మెల్లగా పెంచుతూ పోతే ఎక్కడో ఒక చోట మూలుగుతుంది. ఆ స్వరం ట్యూనర్‌లో చూసి రాసిపెట్టుకోండి. మిక్సర్‌లో గాని పెడల్‌లో గాని పారామెట్రిక్ ఈక్యూ (ఎంచుకున్న హెర్ట్జ్ దగ్గరే శబ్దం తగ్గించేది) ఉంటే ఆ ఒక్క చోట సన్నగా 6 డెసిబెల్స్ దించండి. కింద 80 హెర్ట్జ్ నుంచి కోసేయండి, ఆ కింది భాగం బాస్ గిటారుది. మొత్తం బాస్ నాబ్ తిప్పితే గిటారు డబ్బా రేడియోలాగా అయిపోద్ది.

నిలబడే చోటు అన్నిటికన్నా ముఖ్యం. యాంప్ మీ వెనక పెట్టుకుంటే అది నేరుగా గిటారు మీదికే వాయిస్తుంది. పక్కన, కుర్చీ మీద, మీ చెవి వైపు వాల్చి పెట్టండి. తక్కువ వాల్యూమ్‌లోనే వినపడుద్ది. చెక్క స్టేజీ మీద నేలకి ఆనించి పెడితే పలకలు కూడా కలిసి ఊగుతాయి. మానిటర్‌లో మీ గిటారు వేయొద్దని సౌండ్ అతనికి ముందే చెప్పండి.

ఇంకా ఆగకపోతే పైపలక మీది ఎఫ్ ఆకారపు రంధ్రాలు (ఎఫ్-రంధ్రాలు) మూయాలి. బ్లూస్ గిటారిస్టు బీబీ కింగ్ తన గిటార్లలో గుడ్డలు కుక్కేవారు. 1980లో గిబ్సన్ ఆయన పేరుతో తెచ్చిన మోడల్‌కి ఎఫ్-రంధ్రాలే లేవు. ఉతికిన నూలు పంచె ముక్క చాలు. ముందు కింది రంధ్రం ఒక్కటే మూసి చూడండి, చాలాసార్లు అంతటితోనే సరిపోతుంది. స్పాంజి నేరుగా పెట్టొద్దు. పాత నైట్రో లాకరు (గిటారు మీది నైట్రోసెల్యులోజ్ పూత) రబ్బరుకి, కొన్ని ఫోములకి మెత్తబడి అంటుకుపోతుంది. స్పాంజి పెట్టాల్సి వస్తే నూలుగుడ్డలో చుట్టి పెట్టండి. టేపు అసలే వద్దు, పీకినప్పుడు లాకరు దాంతోపాటు లేచొస్తుంది.

చీరాల_మేళం:
అంత గుడ్డ కుక్కే పనైతే ఈఎస్-335 లాంటిది తీసుకోవచ్చుగా? 1958లో దాన్ని పుట్టించిందే ఇందుకు. మధ్యలో గట్టి మేపుల్ దిమ్మె ఉంటుంది, రెండు రెక్కలే బోలు.

కావలి_కార్డు:
నిజమే అన్నా, ఫీడ్‌బ్యాక్ బాగా తగ్గుతుంది. కానీ పెన్నా అన్న చెప్పిన ఆ గుండ్రటి దెబ్బ కూడా సగం పోతుంది. ఇంకో పొరపాటు చాలామంది చేస్తారు. సన్నగా ఉంది కదా అని 1959 నాటి ఈఎస్-330నో, 1961 నాటి ఎపిఫోన్ క్యాసినోనో 335కి తమ్ముళ్లు అనుకుంటారు. వాటిలో దిమ్మె లేదు, పూర్తి బోలు. లోతైన బాడీ మూలిగితే అవి కీచుమంటాయి.

చీరాల_మేళం:
సరే, ఒప్పుకుంటా. తీగల సంగతి నేను చెప్తా, మన వాయింపుకి అక్కడే మెలిక ఉంది. ఈ గిటార్లకి తగిన తీగలు 12-52 ఫ్లాట్‌వౌండ్ (చదును తీగ చుట్టినవి; అంకెలు అంగుళంలో వెయ్యో వంతుల్లో లావు), మూడో తీగ కూడా చుట్టిందే. బరువున్న తీగ పలకని బాగా పట్టి ఉంచుతుంది, బ్రిడ్జి కదలదు. జారుడు గమకాలకి ఇవి అమృతం. వేలు పైకీ కిందికీ జారినా గీర శబ్దం రాదు, శంకరాభరణమో మోహనమో కీర్తన బాణీలో సాగదీసినా శుభ్రంగా వినపడుతుంది. కానీ తీగ లాగి పలికించే గమకం మీద ఆశ పెట్టుకోవద్దు. చుట్టిన మూడో తీగ అర స్వరం లాగేసరికి వేలు మండుద్ది. గట్టిగా లాగితే అతికించని బ్రిడ్జి పక్కకి జరుగుతుంది, ఆ పాట అయ్యేదాకా అపశ్రుతే.

లాగుడు కావాల్సినవాళ్లు మూడోది 18 నంబరు సాదా తీగ వేస్తారు. అప్పుడు ఇంకో చిక్కు. పాత చెక్క బ్రిడ్జి మెట్లు చుట్టిన మూడో తీగకి లెక్కేసి చెక్కినవి. సాదా తీగ అక్కడ శ్రుతి ఎక్కువ పలుకుతుంది. పాత బ్రిడ్జిని రాయొద్దు. దాన్ని దాచిపెట్టి, సాదా మూడో తీగకి కోసిన కొత్త చెక్క బ్రిడ్జి గాని, ట్యూన్-ఓ-మాటిక్ (ప్రతి తీగ మెట్టూ విడిగా జరిపే లోహపు బ్రిడ్జి) ఉన్నది గాని పెట్టుకోండి.

చీమకుర్తి_రాయి:
బ్రిడ్జి మాట వచ్చింది కాబట్టి పద్ధతి చెప్తా. ఈఎస్-175 స్కేలు 24¾ అంగుళాలు, అంటే 628.65 మి.మీ. నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) నుంచి 12వ ఫ్రెట్ దాకా 314 మి.మీ. పైచిలుకు. అంతే దూరం 12 నుంచి బ్రిడ్జికి పెట్టి, లావు తీగల వైపు రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి వాల్చి మొదలుపెట్టండి. 12వ ఫ్రెట్ దగ్గర హార్మోనిక్ (తీగని నొక్కకుండా తాకి మీటిన స్వరం), నొక్కిన స్వరం రెండూ పోల్చండి. నొక్కింది ఎక్కువ పలికితే బ్రిడ్జిని టెయిల్‌పీస్ వైపు జరపాలి, తక్కువ పలికితే మెడ వైపు. జరిపేముందు తీగలు కొంచెం వదులు చేయండి, లేకపోతే పాదం లాకరుని గీరుతుంది. తీగలు మార్చేటప్పుడు ఒక్కొక్కటే మార్చాలి. ఆరూ ఒకేసారి విప్పితే బ్రిడ్జి ఊడి చేతికొస్తుంది, కొలత మళ్లీ మొదటికి.

నాదం మసకగా ఉందంటే నూటికి తొంభై చోట్ల బ్రిడ్జి పాదం వంపుకి ఆనలేదన్నమాట. పాదం కింద పలచటి కాగితం దూర్చి చూడండి, ఎక్కడైనా దూరితే అక్కడ ఖాళీ ఉన్నట్టు. కొత్త బ్రిడ్జి అయితే పైపలక మీద 120 నంబరు గరుకు కాగితం, గరుకు వైపు పైకి పెట్టి, పాదాన్ని అక్కడే ముందుకీ వెనక్కీ రుద్దాలి. చివర్లో 220. కాగితం కింద పలక మీద మందపాటి కాగితం ఒకటి వేసి ఉంచండి, గీతలు పడవు.

నట్ అడుగు చదును చేయడానికి మా ఊళ్లో మంచి సాధనం ఉంది. పాలిష్ పట్టిన గెలాక్సీ గ్రానైట్ ముక్క. చీమకుర్తి ఫ్యాక్టరీల దగ్గర తునకలు పారేస్తారు. దాని మీద గరుకు కాగితం అంటించి రుద్దితే అద్దంలా చదునుగా వస్తుంది.

మెడ వంపు 7వ ఫ్రెట్ దగ్గర 0.2 నుంచి 0.3 మి.మీ. ఉంటే చాలు. ట్రస్ రాడ్ (మెడ లోపలి లోహపు కడ్డీ) ఒకసారికి పావు చుట్టు, ఆ తర్వాత ఒకరోజు ఆగాలి. పాత రాడ్ బిగుసుకుపోయి ఉంటే బలం ఉపయోగించొద్దు. అది విరిగితే ఫింగర్‌బోర్డు విప్పాల్సిందే.

కందుకూరు_సోల్డర్:
కరెంటు పని. గట్టిచెక్క గిటారుకి వెనక మూత ఉంటుంది, దీనికి ఉండదు. ఒక్క పాట్ (వాల్యూమ్, టోన్ నాబు కింది పొటెన్షియోమీటర్) మార్చాలన్నా మొత్తం ఎఫ్-రంధ్రంలోంచి బయటికి లాగాలి. అందుకే మెకానిక్కులు ఇది ముట్టుకోవడానికి జంకుతారు. పద్ధతి తెలిస్తే గంటన్నర పని. అక్వేరియం గాలి గొట్టం సుమారు 40 సెం.మీ. ముక్కలు నాలుగు కోయండి. పాట్ కాడ 6 మి.మీ., గొట్టం దానికి బిగుతుగా ఎక్కుతుంది. నాబు, నట్టు తీసి, కాడకి గొట్టం ఎక్కించి పాట్‌ని లోపలికి వదలండి. గొట్టం రెండో కొస బయటే ఉంటుంది. పని అయ్యాక ఆ గొట్టం లాగితే పాట్ తన రంధ్రంలోకి తనే వచ్చి కూర్చుంటుంది. జాక్‌కి పాత గిటారు తీగ వాడండి.

సోల్డరింగ్ బాడీ లోపల చేయొద్దు. అట్టముక్క మీద రంధ్రాల అచ్చు గీసి, పాట్లు దానికి గుచ్చి, బయటే పూర్తిచేయాలి. పాట్లు 500 కిలో ఓములు, టోన్ కెపాసిటర్ 0.022 మైక్రోఫారడ్. హంబకర్ మీటరులో 7 నుంచి 8 కిలో ఓములు చూపాలి. అనంతం చూపితే చుట్టు తెగినట్టు. గరగర మాత్రమే ఉంటే ఏమీ మార్చొద్దు. కాంటాక్ట్ క్లీనర్ రెండు చుక్కలు పాట్ సందులో కొట్టి ముప్పైసార్లు తిప్పండి. తుప్పు వదిలించే నూనె కొడితే మొదట బాగానే ఉండి తర్వాత జిడ్డు పేరుకుంటుంది.

చెక్క బ్రిడ్జి కాబట్టి గ్రౌండు వైరు టెయిల్‌పీస్‌కే పోతుంది. తీగ ముట్టుకుంటే హమ్ తగ్గాలి. ముట్టుకుంటే పెరిగినా, అసలు తేడా లేకపోయినా ఆ వైరు తెగి ఉంటుంది. పీ-90 గిటార్లు పెళ్లి మండపంలో సీరియల్ సెట్లకి, జనరేటరుకి జుంయ్‌మంటాయి. అది పికప్ స్వభావం, రిపేరు కాదు. గిటారు తిప్పి నిలబడితే తగ్గే కోణం ఒకటి దొరుకుతుంది.

ఒక్కటి గట్టిగా చెప్తున్నా. గిటారుతోపాటు అమెరికా వాల్వ్ యాంప్ కూడా వస్తే నేరుగా మన 230 వోల్టులకి పెట్టొద్దు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి, పాత రెండు పిన్నుల వైరు తీసి మూడు పిన్నులది వేయించాలి. హాల్లో ఎర్త్ సరిగా ఉందో లేదో టెస్టర్‌తో చూడకుండా తీగ పట్టుకుని మైకు దగ్గర మూతి పెట్టొద్దు. ప్రాణం పోయే షాకు అది.

మైపాడు_ఇసక:
ఉప్పుగాలి ప్రశ్నకి జవాబు. చెక్కకి నచ్చేది 45 నుంచి 55 శాతం తేమ. మన దగ్గర తుపాన్ల నెలల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అంతకన్నా చాలా ఎక్కువ ఉంటుంది. లామినేట్ పలక పొరలు అడ్డంగా నిలువుగా ఉంటాయి కాబట్టి పెద్దగా ఉబ్బదు. చెక్కిన స్ప్రూస్ పలక ఉబ్బి తీగల ఎత్తు మారిపోతుంది. కేసులో చిన్న డిజిటల్ తేమ మీటరు, 100 గ్రాముల సిలికా జెల్ సంచులు రెండు పెట్టండి. రంగు మారగానే 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు మూడు గంటలు ఉంచితే మళ్లీ పనికొస్తాయి. మీటరు 45 కిందికి దిగితే సంచులు తీసేయాలి. ఏసీ గది అయితే ఆ సంగతి మరవొద్దు.

తేమకన్నా భయపడాల్సింది ఎండకి. పాత గిటార్లు జంతు జిగురుతో అతికించినవి. మే నెలలో మూసిన కారులో వదిలితే జిగురు మెత్తబడి మెడ జాయింటు కదులుతుంది. ఏసీ గదిలోంచి నేరుగా ఎండలోకి తెస్తే లాకరు సన్నగా పగుళ్లు వేస్తుంది. కేసు మూసి అరగంట బయట ఉంచి తర్వాత తెరవండి.

పిక్‌గార్డు, అంచు బైండింగు సెల్యులాయిడ్. కొంచెం కర్పూరం వాసన మామూలే, ఎందుకంటే అందులో కర్పూరం కలుపుతారు. పుల్లటి ఘాటు వాసన వచ్చి, దగ్గర్లో ఉన్న స్క్రూలు, పికప్ కవర్లు పచ్చగా మారుతుంటే అది కుళ్లుతున్నట్టు. వెంటనే విప్పి వేరే చోట గాలి తగిలేట్టు పెట్టండి, లేకపోతే మూసిన కేసులో ఆ ఆవిరి లోహాన్నంతా తినేస్తుంది. ఆ కాలపు గ్రెచ్ గిటార్లకి బైండింగు పొడిపొడిగా రాలే జబ్బు బాగా తెలిసిందే. క్లూసన్ ట్యూనర్ల (తీగలు బిగించే మరల) ప్లాస్టిక్ గుండీలు కూడా కుంచించుకుపోయి చేతిలోనే పొడవుతాయి. వాయించాక పొడి నూలుగుడ్డతో తీగలూ, టెయిల్‌పీసూ తుడవడం ఒక్కరోజు కూడా మానొద్దు. సిలికాన్ పాలిష్ జోలికి పోవద్దు.

కొత్తపట్నం_గాలి:
అన్నలూ, చాలా సాయం చేశారు. అది నిజంగా 1965దేనా అని ఎట్టా తేల్చుకోవాలి? ఫొటోలు అడిగితే పంపుతామన్నారు.

పెన్నా_ఒడ్డు:
పాట్ల వెనక అంకెలు అడుగు. చిన్న అద్దమూ టార్చీ ఎఫ్-రంధ్రంలో పెడితే కనపడతాయి. మొదటి మూడంకెలు తయారీదారు: 137 అంటే సీటీఎస్, 134 అంటే సెంట్రలాబ్. చివరి రెండూ వారం, మధ్యవి సంవత్సరం. 1376512 అంటే సీటీఎస్, 1965లో 12వ వారం. గిటారు అంతకన్నా పాతది అయ్యే వీల్లేదు, పాట్లు మార్చి ఉంటే తప్ప. కొత్తది కావచ్చు.

నట్ వెడల్పు కూడా కొలిపించు. గిబ్సన్ 1965లో 42.9 మి.మీ. నుంచి 39.7కి తగ్గించింది. ఆ సన్న మెడ లావు వేళ్లకి ఇరుకు. అందుకే ధర కూడా తక్కువ పలుకుతుంది, నీ చేతికి సరిపోతే అది నీకు లాభమే. హెడ్‌స్టాక్ (మెడ తల) వెనక, నట్ దగ్గర అడ్డంగా సన్న గీత ఉందేమో చూడు. అక్కడ విరగడం ఈ గిటార్ల శాపం. బాగా అతికిస్తే వాయించడానికి తేడా ఉండదు, ధరలో మాత్రం భారీగా తగ్గించాలి. అతినీలలోహిత లైటు (బ్లాక్ లైట్) కింద పాత నైట్రో లాకరు పచ్చగా మెరుస్తుంది, కొత్తగా పూసిన చోటు నల్లగా కనపడుతుంది.

కావలి_కార్డు:
బయటి దేశం నుంచి తెప్పించేదైతే ఇంకోటి ఉంది. ఆ కాలపు చాలా గిటార్ల ఫింగర్‌బోర్డు బ్రెజిల్ రోజ్‌వుడ్. 1992 నుంచి అది సైట్స్ (అంతరించే జాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలో ఉంది, అనుమతి పత్రాలు లేకుండా సరిహద్దు దాటించకూడదు. పత్రాలు చూశాకే డబ్బు పంపండి.

ఇన్ని పరీక్షలు వద్దు, నాదం చాలు అనుకుంటే ఇబనేజ్ కంపెనీ ఆర్ట్‌కోర్ రకంలో లోతైన బోలు బాడీలు కొత్తవే దొరుకుతాయి. లామినేటే, ఫింగర్‌బోర్డు పత్రాల గొడవ ఉండదు, తుపాను రోజు కూడా భయపడకుండా బయటికి తీయొచ్చు. 12-52 ఫ్లాట్‌వౌండ్ వేసి, బ్రిడ్జి పాదం వంపుకి రుద్ది కూర్చోబెడితే పాతదానికి బాగా దగ్గరికి వస్తుంది. అరవై ఏళ్లు ఎండిన చెక్క ఇచ్చే తేలిక మాత్రం దానికి రాదు, ఆ సంగతి దాచను.

మైపాడు_ఇసక:
తెప్పిస్తే మాత్రం ప్యాకింగు వాళ్లకి ఇట్టా చెప్పు తమ్ముడూ: తీగలు రెండు స్వరాలు దించాలి, పూర్తిగా విప్పొద్దు. బ్రిడ్జికి రెండు వైపులా, టెయిల్‌పీస్ కింద మెత్తటి నూలుగుడ్డ పెట్టాలి. హెడ్‌స్టాక్ వెనక ఖాళీ లేకుండా గుడ్డ దట్టించాలి. ఇంటికి చేరాక పెట్టె ఒకరోజు మూసే ఉంచి తర్వాత తెరువు.