స్టెంట్ వేశాక నాన్న నడవడానికే భయపడుతున్నారు

ప్రశ్న: గుండెపోటు వచ్చి నాన్నకు స్టెంట్ వేసి ఐదు వారాలైంది. డాక్టర్ రోజూ నడవమన్నారు, ఈయనేమో మళ్లీ వస్తుందేమోనని గది దాటట్లేదు. బలవంతాన నడిపిస్తే పల్స్ 90 దాటట్లేదు, బీటా బ్లాకర్ వాడుతున్నారు. టెన్షన్ పడాలా?

జవాబు 1: అక్కర్లేదండి, గుండె వేగం తగ్గించడమే ఆ మందు పని, అందుకే మామూలు పల్స్ లెక్కలు ఆయనకు సరిపోవు. నడుస్తూ మాట్లాడగలగాలి, కానీ పాట పాడేంత ఊపిరి మిగలకూడదు, అదే సరైన వేగం. మొదట్లో, చివర్లో 5 నిమిషాలు మెల్లగా నడవాలి, ఎందుకంటే ఒక్కసారిగా ఆగితే బీపీ పడిపోయి కళ్లు తిరగొచ్చు.

జవాబు 2: నాకు బైపాస్ అయ్యాక ఇదే భయం. కార్డియాక్ రిహాబ్‌లో, అంటే గుండె జబ్బు తర్వాత నిపుణుల పర్యవేక్షణలో వ్యాయామం చేయించే చోట, ఈసీజీ చూస్తూ ట్రెడ్‌మిల్ మీద నడిపించారు, పక్కన మనిషి ఉన్నాడన్న ధైర్యంతోనే నేను మళ్లీ మామూలు మనిషినయ్యాను. తప్పకుండా అడగండి.

జవాబు 3: ఛాతీలో బిగుతు, కళ్లు తిరగడం, విపరీతమైన ఆయాసం వస్తే వెంటనే ఆపాలి. విశ్రాంతి తీసుకున్నా నొప్పి తగ్గకపోతే అంబులెన్స్ పిలవండి, ఆలోచిస్తూ కూర్చోవద్దు.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ, రేపే రిహాబ్ గురించి అడుగుతాను.