ఒకే సర్వర్‌లో మూడు బ్యాకప్ క్లయింట్లు: అన్నింటికీ వెబ్ యాక్సెస్ ఇవ్వాలా?

బెళ్ళందూరు_స్టోరేజ్:
బెంగళూరులో మా ఆఫీసు లినక్స్ సర్వర్ మీద మూడు టీఎస్ఎం (ఐబీఎం బ్యాకప్ సాఫ్ట్‌వేర్) నోడ్‌లు, అంటే బ్యాకప్ క్లయింట్లు, ఉన్నాయి: మామూలు ఫైళ్లకు ఒకటి, డేటాబేస్ డంపులకు ఒకటి, అప్లికేషన్‌కు ఒకటి. టీఎస్ఎం సర్వర్ ఇంకా 7.1లోనే ఉంది. బ్రౌజర్‌లో 1581 పోర్టు కొడితే ఫైళ్ల నోడ్ వస్తోంది, మిగతా రెండూ రావడం లేదు. డీబీఏలు (డేటాబేస్ చూసుకునేవాళ్లు) బ్రౌజర్ నుంచే రీస్టోర్ చేసుకోవడానికి తమకూ కావాలంటున్నారు. సెక్యూరిటీ వాళ్లు ఉన్నది కూడా తీసేయమంటున్నారు. ఏం చేయమంటారు?

పాత_అడ్మిన్:
ఇచ్చేయండి. రాకపోవడానికి కారణం చిన్నదే. 1581 డిఫాల్ట్ పోర్టు, దాన్ని మొదటి క్యాడ్ (క్లయింట్ యాక్సెప్టర్, బ్రౌజర్ కనెక్షన్లు తీసుకునే ప్రోగ్రామ్) పట్టుకుని కూర్చుంది. క్లయింట్ సెట్టింగుల ఫైల్ డీఎస్ఎం.సిస్‌లో ఒక్కో నోడ్‌కు ఒక స్టాంజా (సెట్టింగుల భాగం) రాసి, హెచ్‌టీటీపీపోర్ట్ 1581, 1582, 1583 అని వేరు చేయండి. ఒక్కోదానికి ఒక డీఎస్ఎం.ఆప్ట్ ఆప్షన్ల ఫైల్ పెట్టి, ఆప్ట్‌ఫైల్ ఆప్షన్‌తో మూడు క్యాడ్‌లు స్టార్ట్ చేయండి. మూడు స్టాంజాల్లోనూ పాస్‌వర్డ్‌యాక్సెస్ జనరేట్ (పాస్‌వర్డ్‌ను క్లయింటే దాచుకునే సెట్టింగ్) ఉండాలి. లాగ్ ఫైళ్లు కూడా వేరుగా పెట్టండి, లేకపోతే ఏ ఎర్రర్ ఎవరిదో తెలియక తల పట్టుకుంటారు.

ఫైర్‌వాల్_వైట్‌ఫీల్డ్:
అన్నా, మూడు పోర్టులతో ఆగదు. వెబ్‌పోర్ట్స్ (పేజీ వచ్చాక వెబ్ క్లయింట్ వాడే పోర్టులు) డిఫాల్ట్ 0, అంటే ఖాళీగా ఉన్న పోర్టు ఏది దొరికితే అది తీసుకుంటుంది. ఫైర్‌వాల్ దాటాలంటే వాటిని ఫిక్స్ చేయాలి. ఒక్కో క్లయింట్‌కు ఇంకో రెండు, మొత్తం తొమ్మిది. పైగా క్యాడ్ నడిచేది రూట్‌గా. బ్రౌజర్ ముందు కూర్చున్న మనిషి రూట్ హక్కులతో ఫైళ్ల మీద ఫైళ్లు రాసేయగలడు. పెడితే 443 మీద ఒక రివర్స్ ప్రాక్సీ (కనెక్షన్లను ముందు తాను తీసుకుని లోపలికి పంపే సర్వర్) పెట్టండి, లేదా మొత్తం మూసేయండి.

పాత_అడ్మిన్:
ప్రాక్సీ నేనూ పెట్టి చూశాను. పేజీ వస్తుంది, అక్కడే ఆగిపోతుంది. లోపలి జావా యాప్లెట్ ప్రాక్సీతో పని లేకుండా నేరుగా వెబ్‌పోర్ట్స్‌కు కనెక్ట్ అవుతుంది.

డీబీఏ_మారతహళ్ళి:
మూసేయమనడం తేలికే. మా పాత కంపెనీలో ఒకసారి రాత్రి 2 గంటలకు డంప్ ఫైల్ కావాల్సి వచ్చింది. బ్యాకప్ టీమ్‌లో ఫోన్ ఎత్తేవాళ్లు లేరు. పొద్దున ఆరున్నర దాకా అప్లికేషన్ డౌన్. అవతల కస్టమర్‌కు జవాబు చెప్పుకున్నది నేను. ఆ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు. మా డేటా మేము తీసుకోవడానికి ఇంకొకరు నిద్ర లేవాలా?

ఫైర్‌వాల్_వైట్‌ఫీల్డ్:
మీ బాధ న్యాయమైనదే అండీ, మూసేయాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ టీఎస్ఎంలో డీబీఏలకు ఓనర్ అధికారం ఇవ్వొద్దు, దానితో ఇంకో మెషీన్ నుంచి కూడా ఈ డేటా లాగొచ్చు. యాక్సెస్ అధికారం చాలు. ఇంకో సంగతి, టీఎస్ఎం సర్వర్‌ను 8.1.2కి పెంచిన రోజున ఈ వెబ్ క్లయింట్ దానితో పనిచేయదు. ఇప్పుడే డీఎస్ఎంసీ (కమాండ్ లైన్ క్లయింట్) కమాండ్లు నేర్చుకోండి, అది ఎప్పటికైనా పనికొస్తుంది.

పాత_అడ్మిన్:
రాత్రి రెండింటికి, నిద్ర కళ్లతో, కమాండ్‌లో ఒక్క పాత్ తప్పు కొడితే? కళ్లకు కనిపించే ఫోల్డర్ల చెట్టే నయం. ఇందులో నా మాట మారదు.

బెళ్ళందూరు_స్టోరేజ్:
డేటాబేస్ నోడ్ ఒక్కదానికే ఇస్తున్నా: 1582, వెబ్‌పోర్ట్స్ ఫిక్స్, జంప్ సర్వర్ (ముందుగా లాగిన్ కావాల్సిన మధ్య సర్వర్) నుంచి మాత్రమే. అప్లికేషన్ టీమ్ అడగనే లేదు. ఫైళ్ల నోడ్‌కు ఉన్నది తీసేస్తున్నా.

డీబీఏ_మారతహళ్ళి:
సంతోషం. జంప్ సర్వర్ లాగిన్ రాత్రిపూట కూడా పనిచేస్తుందా? ఒక శనివారం అర్ధరాత్రి టెస్ట్ రీస్టోర్ పెట్టండి.