కారు లోపలి దీపాలు: పసుపు బల్బులు తీసేసి ఎల్ఈడీలు పెట్టాలా, వద్దా?

కొవ్వూరు_కుర్రాడు

అందరికీ నమస్కారమండి. నాన్నగారి 2016 మోడల్ చిన్న కారు ఇప్పుడు నా చేతికొచ్చింది. రూఫ్ లైటు వేస్తే చీకట్లో అగ్గిపుల్ల గీసినట్టుంటుంది. మొన్న అమ్మ మందుల చీటీ చదవలేక ఫోను లైటు వేసుకుంది. రూఫ్‌కి, డిక్కీకి తెల్ల ఎల్ఈడీలు, కాళ్ళ దగ్గర నీలం స్ట్రిప్పు వేయిద్దామని యాక్సెసరీస్ షాపుకెళ్తే మొత్తం 2,500 చెప్పాడు. మా బావేమో "కంపెనీ ఇచ్చిన బల్బు ముట్టుకోకు, వైరింగ్ తగలబడిపోద్ది" అంటాడు. షాపువాడి మాట వినాలా, బావ మాట వినాలా?

ఆటోనగర్_అబ్బులు

బావ మాట వింటే రేపు లాంతరు తగిలించుకోమంటాడు తమ్ముడూ. లెక్క చూడు. చిన్న కార్ల రూఫ్‌లో ఎక్కువగా ఉండేది 5 వాట్ల బల్బు. 12 వోల్టుల మీద 0.4 ఆంపియర్ల చిల్లర లాగుద్ది. అందులో వెలుతురయ్యేది పిసరంత, మిగతాదంతా వేడే. పావుగంట వెలిగించి కవరు మీద చెయ్యి పెట్టు, నీకే తెలుసుద్ది. అదే సైజు ఎల్ఈడీ ఒక వాటు చుట్టుపక్కల తిని అంతకంటే ఎక్కువ వెలుగిచ్చుద్ది. తక్కువ కరెంటు తినే వస్తువు పెడితే వైరు ఎందుకు కాలుద్దో బావగారినే అడుగు. బెజవాడ ఆటోనగర్‌లో ఎన్ని బళ్ళకి మార్చానో లెక్కే లేదు.

రాత్రి_బండి

రూఫ్ లైటు సంగతి సరే. ఆ నీలం స్ట్రిప్పు దగ్గరే నాకు ఒళ్ళు మండేది.

పదకొండేళ్ళుగా రాత్రిళ్ళు హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద నడుపుతున్నవాణ్ణి. ఆ 65 నంబరు హైవే మీద పగిలిన టైల్ లైటుతో మార్జిన్‌లో ఆగిన లారీని ఒక్కసారి ఆఖరి క్షణంలో చూసినవాడెవడూ కారులో నీలం దీపాలు పెట్టుకోడు. చీకట్లో చూపునిచ్చేవి కంటిలోని రాడ్ కణాలు. అవి చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే 20, 30 నిమిషాలు పడుతుంది. ఆ అలవాటు పోవడానికి మాత్రం కాస్త వెలుతురు చాలు. ఈ కణాలకి అన్నిటికంటే ఎక్కువ తగిలేది 500 నానోమీటర్ల దగ్గరి నీలి ఆకుపచ్చ వెలుగు. ఎరుపు దాదాపు తగలదు. వెనకటి డ్యాష్‌బోర్డులు కొన్నిటికి ఎరుపో నారింజో వేసింది అందుకే. మీ షాపువాడు సరిగ్గా కంటికి చెడ్డదైన రంగునే ఫ్యాషనని అంటగడుతున్నాడు.

ఇంకోటి. లోపల ఏ దీపం వెలిగినా ముందు అద్దంలో దాని నీడ పడుతుంది. రోడ్డు మీద మనిషి కనిపించాల్సిన చోట మీ మోకాళ్ళు కనిపిస్తాయి.

పెళ్ళికారు

అన్నా, మరి ఖరీదైన కార్లన్నిటికీ కంపెనీ వాళ్ళే యాంబియెంట్ లైట్లు (లోపలి అలంకరణ దీపాలు) ఇస్తున్నారు కదా? 64 రంగులంటూ ప్రకటనలు వేసుకుంటున్నారు. వాళ్ళకి కళ్ళ డాక్టర్లు లేరా?

రాత్రి_బండి

వాళ్ళ దీపం ఎక్కడుందో వెతికినా కనపడదు. దాని వెలుగు ఒక అంచు మీద పడుతుందంతే. హెడ్‌లైట్లు వేస్తే తగ్గుతుంది, తగ్గించుకోవడానికి మెనూలో బార్ కూడా ఉంటుంది. మన 400 రూపాయల స్ట్రిప్పులో చిప్పులు నేరుగా కంట్లోకే చూస్తుంటాయి. పైగా పాటకి తగ్గట్టు ఎగురుతాయి! పెళ్ళి ఊరేగింపుకైతే నాకే అభ్యంతరం లేదు.

కోఠి_సోల్డరింగ్

ఇద్దరూ సగం సగం చెప్పిన్రు. అబ్బులన్న లెక్క కరెక్టే, కానీ "ఏం గాదు" అన్నదే తప్పు. బల్బు తీసి ఎల్ఈడీ పెట్టుడంటే ఒక వస్తువు జాగల ఇంకో వస్తువు పెట్టుడు గాదు. ఫిలమెంటు (బల్బు లోపలి సన్న తీగ) వెలుగుతో పాటు మనకు తెల్వని పని ఇంకోటి చేస్తుండె.

ముందు వోల్టేజి. 12 వోల్టులంటం గానీ ఇంజన్ నడుస్తుంటే బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్ 13.8 నుంచి 14.4 దాకా ఇస్తది. ఫిలమెంటు కొంచెం తెల్లగ మెరుస్తది, అంతే. సస్తా ఎల్ఈడీల మూడు చిప్పులు వరసగ పెట్టి, కరెంటుకు అడ్డంపడే ఒక చిన్న రెసిస్టర్‌తోటి సరిపెడ్తరు. ఆ చిప్పులకే 9 వోల్టుల దాకా పోతది. రెసిస్టర్‌కు మిగిలేది 12 దగ్గర 3, 14.4 దగ్గర 5.4. అంటే కరెంటు ఒకటికి ఒకటిన్నర దాటుతది. మే నెలల ఎండకు నిలవెట్టిన కారు కప్పు కింద అదెన్ని రోజులుంటది? అందుకే 30 రూపాయల బల్బు ఆరు నెలలకు మినుకుమినుకుమంటది. లోపల కరెంటును అదుపుల పెట్టే చిన్న ఐసీ ఉన్నది కొనుక్కోవాలె, అది 150, 200 దాకా ఉంటది.

రెండోది రంగు. తెల్ల ఎల్ఈడీ అంటే నీలం చిప్పు మీద పసుపు పూత. డబ్బా మీద 6000 కెల్విన్ (వెలుగు రంగు కొలత) అని ఉంటే నీలం పాలు ఎక్కువ, ఆపరేషన్ థియేటర్ లెక్క కొడ్తది. 3000 తీసుకుంటే పాత బల్బు రంగుకు దగ్గరగుంటది. రాత్రి బండన్న బాధ కొంచెం తీరుతది, అమ్మకు మందుల చీటీ కూడా కనిపిస్తది.

మూడోది పెట్టినంక చెప్త, నీకే ఎదురైతది.

కొవ్వూరు_కుర్రాడు

ఎదురైందండి! ఆదివారం నేనే మార్చాను. పాత ఏటీఎం కార్డుతో కవరు ఊడదీసి, బల్బు కొలిస్తే 31 మిల్లీమీటర్లు. రెండు కొసలా లోహపు మూతలుండే గాజు గొట్టం రకం. ఎల్ఈడీ పెడితే మొదట వెలగలేదు, పాడైందనుకున్నాను. తిప్పి పెడితే వెలిగింది. వెలుతురు బ్రహ్మాండం. తీరా రాత్రి తాళం వేసి చూస్తే, అన్నీ ఆపేశాక కూడా లోపల మిణుగురు పురుగులా సన్నగా వెలుగుతూనే ఉంది. షాపులో అడిగితే "క్యాన్‌బస్ రెసిస్టర్ వేయించుకో, పాత బల్బే ఉందని కారు నమ్ముతుంది, 300" అన్నాడు. బావ ఫోటో చూసి నవ్వుతున్నాడు.

ఆటోనగర్_అబ్బులు

మంచి ఎల్ఈడీ కొంటే అలా రాదు తమ్ముడూ, డూప్లికేట్ ఇచ్చుంటాడు.

కోఠి_సోల్డరింగ్

గట్ల గాదన్నా, మంచిదైనా వస్తది. ఇదే నేను చెప్తనన్న మూడోది.

పాత కార్లల లైటుకు ప్లస్ ఎప్పుడూ ఉంటుండె. తలుపు తీస్తే డోర్ స్విచ్ ఎర్త్ ఇచ్చేది, మూస్తే పూర్తిగ బంద్. తలుపు మూసినంక మెల్లమెల్లగ ఆరిపోయే లైటున్న కార్లల నడుమ లైటును నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టె, కంట్రోల్ మాడ్యూల్, ఉంటది. అది "బంద్" అన్నప్పుడు కూడా కొన్ని మిల్లీఆంపియర్లు జారుతుంటయి. చల్లగున్న ఫిలమెంటు నిరోధం మూడు, నాలుగు ఓములే. దాని మీద 5 మిల్లీఆంపియర్లు పోతే వోల్టులో యాభయ్యో వంతు దాటది, ఎర్రగ గూడ కాదు. ఎల్ఈడీ అట్ల మింగేయదు. వోల్టేజి 8, 9 దాకా ఎక్కుతది, అప్పుడు ఒక్క మిల్లీఆంపియర్‌కే మెరుస్తది. ఫిలమెంటు చేస్తుండెనన్న పని గిదే, ఈ లీకేజిని చడీచప్పుడు లేకుండ ఎర్త్‌కు పంపుడు.

షాపాయన చెప్పిన రెసిస్టర్ 50 ఓములదైతే, 14 వోల్టుల మీద దగ్గర దగ్గర 4 వాట్ల వేడి. అంటే ఏ వేడి వద్దనుకొని బల్బు తీసినవో అదే మళ్ళ కప్పుల పెట్టుకుంటున్నవ్, అదీ ప్లాస్టిక్‌కు ఆనించి. మొత్తం బల్బు లెక్క నమ్మించాల్సిన పని లేదు, లీకేజికి తొవ్వ చూపిస్తే చాలు. కోఠి గుజరాతీ గల్లీల ఒక కిలో ఓము, అర వాటు రెసిస్టర్ రూపాయో రెండ్రూపాయలో ఉంటది. హోల్డర్‌కు అడ్డంగ, ఎల్ఈడీకి సమాంతరంగ పెట్టు. 5 మిల్లీఆంపియర్లకు 5 వోల్టులే లేస్తది, ఎల్ఈడీ చచ్చినట్టు ఆరిపోతది. లైటు వెలిగినప్పుడు రెసిస్టర్ తినేది 0.2 వాటు, వేలుకు గూడ తెల్వది.

ఆర్‌సీ_పురాణం

ఇవన్నీ చట్టవిరుద్ధం. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 చదవండి. బండిలో మార్పులు చేయకూడదు.

రాత్రి_బండి

చదివాను కాబట్టే చెప్తున్నా. ఆర్‌సీలో రాసిన వివరాలు కంపెనీ మొదట పేర్కొన్నవాటికి తేడా వచ్చేలా మార్చకూడదని సెక్షన్ 52. రూఫ్ బల్బు ఏ జాతిదో ఆర్‌సీలో ఏ కాలమ్‌లో ఉందండీ? నీలం దీపాలంటే నాకూ పడదు, అలాగని లేని నిషేధం తెచ్చి అతికించొద్దు. అయితే ఎరుపూ నీలం కలిపి బయటికి కొట్టేలా మెరిపించారనుకోండి, అప్పుడు పోలీసు ఆపితే నేను పోలీసు పక్షమే. 2017 మే 1న మంత్రుల కార్ల మీద ఎర్ర బుగ్గ దీపాలే తీసేశారు, మనకెందుకవి?

ఆర్‌సీ_పురాణం

సరే, వారంటీ?

కోఠి_సోల్డరింగ్

బల్బు మారిస్తే పాతది దాచుకో, సర్వీసుకిచ్చే ముందు పెట్టుకో. వైరు కోస్తే మాత్రం దాచలేవ్.

అసలు భయపడాల్సింది గక్కడ. బల్బు మార్చుడు వేరు, స్ట్రిప్పుకు కరెంటు గుంజుడు వేరు. నా దగ్గరికి వచ్చిన ఒక బండి చెప్త. ఎవరో స్ట్రిప్పు వైరును ముందు అద్దం పక్కనున్న పిల్లర్ ప్యానెల్ లోపల్నుంచి, కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ (పక్క అద్దాల మీదికి తెరుచుకునేది) మీదికెళ్ళి తీసి, జిప్ టైతోటి గట్టిగ కట్టిండు. గుద్దుకున్నప్పుడు ఆ బ్యాగు కన్ను మూసి తెరిచే లోపల తెరుచుకోవాలె. దాన్ని మూట కట్టినట్టు కట్టి పెట్టిండు. నలభై రూపాయల వైరు, ప్రాణం మీదికి!

కరెంటు గూడ సిగరెట్ లైటర్ వెనక నుంచి నేరుగ తీసిండు. ఆ ఫ్యూజ్ 15 ఆంపియర్లది, స్ట్రిప్పు వైరేమో ఇయర్‌ఫోన్ తీగంత సన్నం. ఎక్కడన్న ఒరుసుకొని బాడీకి తగిల్తే, ఫ్యూజ్ పోయే లోపలే వైరు కాలుతది. కుర్రాడి బావ భయం ఉత్తది గాదు. తప్పు వస్తువును చూసి భయపడ్డడు, అంతే.

ఆటోనగర్_అబ్బులు

ఇదొక్కటి ఒప్పుకుంటా. మా దగ్గర కూడా కుర్రాళ్ళు వైరు గీకి, చుట్టి, టేపేసి పంపిచ్చేస్తున్నారు. ఫ్యూజ్ ట్యాప్ (ఫ్యూజ్ బాక్సులోంచి విడిగా లైను తీసే క్లిప్పు) వేసి 2 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టమంటే "అంత ఓపికెవరికి" అంటారు. నేను కూడా పండగ రద్దీలో ఒకటి రెండు అలా వేశాను, అబద్ధం చెప్పను.

పెళ్ళికారు

రాత్రంతా లైటు మర్చిపోతే బ్యాటరీ సంగతేంటి? మా ఇంట్లో పిల్లలు రోజూ అదే పని.

ఆటోనగర్_అబ్బులు

35 ఆంపియర్ అవర్ బ్యాటరీకి 5 వాట్ల బల్బు పది గంటలుంటే 4 చిల్లర పోద్ది. బ్యాటరీ బాగుంటే పొద్దున్నే స్టార్ట్ అవుద్ది, నాలుగేళ్ళ ముసలిదైతే మూలుగుద్ది. ఎల్ఈడీ అయితే ఒకటి కూడా పోదు. పిల్లలున్న ఇంటికి మార్చుకోవడమే మేలు.

కొవ్వూరు_కుర్రాడు

అయిపోయిందండి. ఒక కిలో ఓము రెసిస్టర్ రాజమండ్రిలో దొరికింది. పెట్టాక మిణుగురు మాయం. రూఫ్‌కి 3000 కెల్విన్‌ది తెచ్చాను. డిక్కీలో మాత్రం తెల్లదే ఉంచాను, అక్కడ డ్రైవరు కళ్ళతో పనేముంది? నీలం స్ట్రిప్పు మానేశాను, వైరు లాగే ఓపిక లేక కూడా అనుకోండి. అన్నీ కలిపి 430 అయ్యాయి. మధ్యలో స్క్రూడ్రైవరు హోల్డరుకీ బాడీకీ ఒకేసారి తగిలి రూం ఫ్యూజ్ ఎగిరిపోయింది, దానితో పాటు స్టీరియో గడియారం కూడా.

కోఠి_సోల్డరింగ్

రెండిటికీ ఒకటే ఫ్యూజ్ ఉంటది చాలా బండ్లల. ఈసారి బ్యాటరీ మైనస్ తీసి పని చెయ్యి తమ్మీ.

కొవ్వూరు_కుర్రాడు

బావ కూడా అదే అన్నాడండి. ఇప్పుడు తన కారుకీ మార్చిపెట్టమంటున్నాడు. వాళ్ళది 36 మిల్లీమీటర్లో 41 మిల్లీమీటర్లో, కొలిచి చెప్తాను.