తొలి డ్రాఫ్ట్ ఒక్కరే రాయాలా? హషిమొతో షినోబు మాట మీద వాదన

రీలుడబ్బా
జపాన్ స్క్రీన్‌ప్లే రచయిత హషిమొతో షినోబు (1918–2018) దర్శకుడు అకిరా కురొసావాతో పనిచేసిన రోజుల మీద 2006లో, 88 ఏళ్ల వయసులో ఒక పుస్తకం అచ్చేశాడు. అందులో తేల్చి చెప్పిన మాట ఇది. 'రషోమోన్' (1950), 'ఇకిరు' (1952), 'సెవెన్ సమురాయ్' (1954) మూడింటికీ ముందు ఒక రచయిత ఒంటరిగా కూర్చుని మొత్తం కథకి డ్రాఫ్ట్ రాశాడు (ఆ ఒక్కడూ తనే). ఆ తర్వాతే మిగతావాళ్లు చేరి తుది ప్రతి తయారుచేశారు. 1955లో 'ఐ లివ్ ఇన్ ఫియర్' నుంచి ఆ మెట్టు ఎత్తేసి, అందరూ ఒకేసారి కూర్చుని నేరుగా తుది ప్రతే రాయడం మొదలెట్టారు, కురొసావా జారుడు అక్కణ్ణుంచే అంటాడు. 'కగెముషా', 'రాన్' కూడా ఆ లెక్కలోవేనట. ఒప్పుకుంటారా?

సీన్‌ఆర్డర్
ఒప్పుకుంటాను. ఎక్కడ దెబ్బ తింటామో చూడండి. మొత్తం డ్రాఫ్ట్ లేకుండా ఒకటో సీన్ నుంచి తుది ప్రతి రాసుకుంటూ పోతే, నలభయ్యో సీన్ దగ్గర పునాదిలో లోపం బయటపడుతుంది. అప్పటికి ముందు సీన్లన్నీ చెక్కి నునుపు చేసి ఉంటాయి, చింపడానికి చెయ్యి రాదు. లోపాన్ని డైలాగుతో పూడుస్తారు. అదే ఒకడు రాసిన పచ్చి డ్రాఫ్ట్ చేతిలో ఉంటే కథ ఎక్కడ కుంటుతోందో ముందే తెలుస్తుంది, ఎవరి అహమూ దెబ్బతినకుండా కొట్టేయొచ్చు.

అప్పట్లో జపాన్‌లో 200 గళ్ల కాగితం మీద రాసేవాళ్లు, 'పెరా' అనేవాళ్లు. ఒక పెరా సుమారు అర నిమిషం సినిమా. రెండు గంటల సినిమాకి 240 పెరాలు. అన్ని కాగితాలు పారేసి మళ్లీ మొదలెట్టడం మాటలు కాదు.

కొలబద్ద
సీన్‌ఆర్డర్ గారూ, తర్కం బాగుంది, సినిమాలే దానికి ఒదగట్లేదు. 'హిడెన్ ఫోర్ట్రెస్' (1958) చూడండి. కురొసావా రోజూ తప్పించుకోలేని చిక్కు ఒకటి తెచ్చి ముందు పెట్టేవాడు, మిగతా ముగ్గురు రచయితలూ బయటపడే దారి వెతికేవాళ్లు. రేపు ఏం జరుగుతుందో రాసేవాళ్లకే తెలియకపోవడం ఆ కథకి బలం. ఆ ముగ్గురిలో హషిమొతో కూడా ఉన్నాడు! పోనీ, 'యోజింబో' (1961), 'హై అండ్ లో' (1963) మాటేమిటి? రెండింట్లోనూ హషిమొతో లేడు. వాటిని జారుడు అంటే నవ్విపోతారు.

ఇంకోటి. పుస్తకం వచ్చేనాటికి ఆ స్క్రిప్టుల బల్ల దగ్గర కూర్చున్న పెద్దతలకాయలు ఎవరూ లేరు. సహరచయితలు కికుషిమ ర్యూజో 1989లో, ఒగునీ హిడెయో 1996లో, కురొసావా 1998లో పోయారు. ఎదురుచెప్పేవాళ్లు లేనప్పుడు ఇచ్చిన వాంగ్మూలం అది.

సీన్‌ఆర్డర్
వాంగ్మూలమే, కానీ తన తప్పులు దాచుకోలేదు. 'సెవెన్ సమురాయ్'కి ముందు అనుకున్నది వేరే కథ: ఒక సమురాయ్ జీవితంలో ఒక్కరోజు, చివర్లో కడుపు చీల్చుకుని చావడం. ఆ కాలంలో కోటకి కొలువుకెళ్లినవాడు మధ్యాహ్నం తిండి తీసుకెళ్లేవాడా, అసలు రోజుకి రెండు పూటలా మూడు పూటలా? ఆధారం దొరకలేదని కథే వదిలేశాడు, కురొసావా మండిపడ్డాడు. తర్వాత ఖడ్గవీరుల జీవితాలు. అన్నీ క్లైమాక్సులే, సినిమా నిలబడలేదు. అప్పుడు పుట్టిన ప్రశ్న: చేతిలో చిల్లిగవ్వ లేని సమురాయ్ దేశం తిరుగుతుంటే అన్నం ఎవరు పెడతారు? రాత్రి కాపలా కాస్తే ఊరివాళ్లు పెడతారు. అంటే రైతులే సమురాయ్‌ని కూలికి పెట్టుకుంటారు. మొదట అన్నం దగ్గరే ఆగి, చివరికి అన్నం దగ్గరే కథ దొరికింది. పదిమంది కూర్చున్న కథా చర్చల్లో ఇంత తవ్వకం జరగదండీ.

మూడోపేజీ
ఇద్దరూ డ్రాఫ్ట్ గురించే కొట్టుకుంటున్నారు, ఒగునీని ఎవరూ పట్టించుకోరేం? 'సెవెన్ సమురాయ్' గదిలో కురొసావా, హషిమొతో ఒకే సీన్‌ని విడివిడిగా రాసేవాళ్లు. ఒగునీ పెన్ను ముట్టడు. ఇద్దరివీ చదివి ఏది పనికొస్తుందో చెప్పేవాడు. 'ఇకిరు'లోనూ అంతే: హీరోని మధ్యలోనే చంపేసి, మిగతా కథ అతని సంతాపసభలో నడపమన్నది ఒగునీ. అప్పటికి రాసిన కాగితాలు కోపంతో కురొసావా చింపేశాడని హషిమొతోయే రాశాడు. 143 నిమిషాల సినిమాలో చివరి 50 నిమిషాలు హీరో పోయాకే నడుస్తాయి, ఆ సినిమా నిలబడిందే దానివల్ల.

కాబట్టి కావలసింది తొలి డ్రాఫ్ట్ కాదు, 'ఇది తప్పు' అనగలిగినవాడు. రుజువు హషిమొతో కెరీరే. ఒంటరిగా రాసిన 'హరాకిరి' (1962) గొప్పది, అయితే దానికి తకిగుచి యసుహికో మూలకథ ఉంది. 'కాజిల్ ఆఫ్ శాండ్' (1974)కి మత్సుమొతో సెయ్‌చో నవల. అందులో తండ్రీకొడుకుల బిచ్చపు ప్రయాణం కొద్ది వాక్యాలే. దాన్ని తీసుకుని, యమద యోజితో కలిసి, కచేరీ సంగీతం మీద సుదీర్ఘమైన క్లైమాక్స్ కట్టాడు. నవల్లో చనిపోయిన తండ్రిని బతికించాడు కూడా. మూలకథ ఆవు లాంటిది, రోజూ గమనించి ఒక్క వేటుతో పడగొట్టాలి, నాకు కావలసింది నెత్తురే అని గురువు ఇతమి మన్సకుతో అన్నది ఇతనే. (చంపకుండా కలిసి చావాల్సిన మూలకథలూ ఉంటాయయ్యా అన్నాడట గురువు.)

మరి ఆవు లేనప్పుడు? 1982లో 'ఇల్యూజన్ లేక్': కథ తనదే, స్క్రీన్‌ప్లే తనదే, దర్శకత్వం తనదే. 164 నిమిషాలు. బీవా సరస్సు చుట్టూ పరుగు, చంపబడ్డ కుక్క, చివరికి అంతరిక్షం. తొలి డ్రాఫ్ట్ ఒక్కడే రాయాలన్న సూత్రం అక్షరాలా పాటించిన సినిమానే అది, ఘోరంగా పోయింది.

రీలుడబ్బా
మూడోపేజీ, దెబ్బ బలంగానే ఉంది. కానీ 'రాన్' (1985) టైటిల్స్ మళ్లీ చూడండి: కురొసావా, ఒగునీ, ఇదె మసతొ. మీ 'తప్పు' అనేవాడు అక్కడ ఉన్నాడుగా?

మూడోపేజీ
ఉన్నాడు. బల్ల దగ్గర కూర్చోవడం వేరు, కాగితం చింపించగలగడం వేరు. 'రాన్' నాకు ఇష్టమే, హషిమొతో అన్నంత తీసిపారేయాల్సింది కాదు. అయినా కోట తగలబడేటప్పుడు మాటలన్నీ తీసేసి సంగీతం ఒక్కటే ఉంచిన చోట ఆ సినిమా లేచినంతగా, సీన్ల కూర్పు వల్ల లేచిన చోటు మీకెవరికైనా కనబడితే ఇక్కడ రాయండి.