అప్‌డేట్: నత్తలు పగలగొట్టే పిట్ట ఏదో తెలిసింది

ఇంగ్లండ్‌లో మా పెరట్లో ఒక రాయి చుట్టూ పగిలిన నత్త గుల్లలు పడుంటున్నాయి, ఇది ఏ పిట్ట పని అని ఆ మధ్య అడిగాను కదా. మీలో చాలామంది చెప్పినట్టే అది సాంగ్ థ్రష్. వంటింటి కిటికీలోంచి కళ్లారా చూశాను. గుల్ల అంచు ముక్కుతో పట్టుకుని, మెడ విదిలిస్తూ రాయికేసి టపటపా కొట్టింది. గుల్ల ఊడిపోయాక నత్తను నేలకేసి తుడిచి మరీ మింగింది!

పాటను బట్టి గుర్తుపట్టమన్న సలహా భలే పనికొచ్చింది. ఒక్కో ముక్కను రెండు మూడుసార్లు పాడాకే ఇంకోటి అందుకుంటుంది. దీని చుట్టమే అయిన బ్లాక్‌బర్డ్ అలా తిప్పి తిప్పి పాడదు, తీరిగ్గా సాగుతుంది. మిసిల్ థ్రష్ ఇంకాస్త పెద్దది, బూడిద రంగు ఎక్కువ, చెట్టు చిటారున కూర్చుని గాలివానలోనూ పాడుతుంది. ఫీల్డ్‌ఫేర్, రెడ్‌వింగ్ అనే థ్రష్‌లు ఎక్కువగా చలికాలంలో వచ్చేవి, వాటి కోసం ఇంకా ఎదురుచూడాలి. అన్నట్టు, రాబిన్‌ని కూడా ఒకప్పుడు థ్రష్‌ల కుటుంబంలోనే లెక్కేసేవారట, ఇప్పుడు ఫ్లైక్యాచర్లలో చేర్చారు.

నత్తల మందు సంగతి అడిగినవాళ్లకి: నత్తల్ని చంపే మెటాల్డిహైడ్ గుళికలు ఇక్కడ 2022 నుంచి ఆరుబయట వాడకూడదు. షెడ్‌లో మిగిలిన పాత డబ్బాను కౌన్సిల్ వాళ్ల చెత్త సేకరణ కేంద్రంలో ఇచ్చేశాం. పాలకూర మొక్కల్ని మాత్రం నత్తలకి దొరక్కుండా కుండీల్లోకి మార్చాను.