బ్యాటరీ డౌన్ అయిన కారు: చివరి నల్ల క్లిప్పు ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న:
కొన్ని వారాలుగా కారు బయటికి తీయలేదు. ఇవాళ తాళం తిప్పితే డాష్‌బోర్డు లైట్లు మసగ్గా వెలిగాయి, టకటకమని చప్పుడు తప్ప సెల్ఫ్ తిరగట్లేదు. పెట్రోల్ బండి, మాన్యువల్ గేర్లు. పక్కింటివాళ్ల కారు ఉంది, జంపర్ కేబుల్ కూడా వాళ్ల దగ్గరే ఉందట. కానీ మా ఇద్దరిలో ఎవరికీ ఈ పని తెలియదు. వీడియోల్లో ఒక్కొక్కరు ఒక్కో వరస చెబుతున్నారు. తిరగేసి తగిలిస్తే కారు కంప్యూటర్ కాలిపోతుందని ఒకరు, బ్యాటరీ పేలుతుందని ఇంకొకరు టెన్షన్ పెట్టారు. ఈ గొడవంతా లేకుండా తోసి స్టార్ట్ చేసేస్తే పోదా?

మొదటి జవాబు:
టకటకమని వరసగా చప్పుడు వస్తుందంటే బ్యాటరీలో కొద్దిగా చార్జ్ ఉంది కానీ సెల్ఫ్ తిప్పేంత లేదని అర్థం. 'టక్' అని ఒక్కసారే వచ్చి, లైట్లు మాత్రం దేదీప్యమానంగా వెలుగుతుంటే అనుమానం సెల్ఫ్ మోటార్ మీదికి పోతుంది, అప్పుడు జంప్ స్టార్ట్ (ఇంకో కారు బ్యాటరీ కరెంటుతో స్టార్ట్ చేయడం) వల్ల లాభం ఉండదు. ముందు బానెట్ ఎత్తి టెర్మినళ్లు చూడండి. తెల్లగానో పచ్చగానో పొడి పట్టి ఉన్నా, వాటికి వైరుని పట్టి ఉంచే క్లాంపు చేత్తో కదిలినా, ఒక్కోసారి అది శుభ్రం చేసి బిగిస్తేనే బండి స్టార్ట్ అయిపోతుంది.

రెండో జవాబు:
బ్యాటరీ పెట్టె కూడా చూడండి. ఉబ్బినా, పగిలినా, యాసిడ్ కారినా, గడ్డకట్టినా ఆ బ్యాటరీకి కేబుల్ తగిలించే మాటే వద్దు, మెకానిక్‌ని పిలవండి. అది బాగానే ఉంటే వరస ఇది.

రెండు కార్లూ ఒకదానికొకటి తగలకుండా కేబుల్ అందేంత దగ్గరలో నిలపండి. రెండూ ఆఫ్‌లో, న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ మీద ఉండాలి. లైట్లు, ఏసీ, పాటలు అన్నీ ఆపేయండి. చేతికి ఉంగరం, లోహపు గడియారం ఉంటే తీసేయండి. అవి బ్యాటరీ ప్లస్‌కీ కారు బాడీకీ మధ్య తగిలితే క్షణంలో ఎర్రగా కాలి చర్మం ఊడుతుంది.

ముందు ఎర్ర కేబుల్: ఒక కొస ఆగిన కారు బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొస సాయం చేసే కారు ప్లస్‌కి. తర్వాత నల్ల కేబుల్: ఒక కొస సాయం కారు మైనస్‌కి. మిగిలిన నల్ల క్లిప్పు మాత్రం ఆగిన కారు బ్యాటరీకి పెట్టకండి. ఇంజిన్ మీద రంగు లేని గట్టి ఇనుప భాగానికి, బ్యాటరీకి వీలైనంత దూరంగా పెట్టండి. తిరిగే ఫ్యాన్‌కి, బెల్టుకి కేబుల్ తగలకుండా చూసుకోండి.

ఇప్పుడు సాయం కారు స్టార్ట్ చేసి అయిదు నిమిషాలు అలాగే నడవనివ్వండి. ఆ తర్వాత మీ కారుకి సెల్ఫ్ కొట్టండి, ఒక్కోసారికి అయిదారు సెకన్లు మించకుండా. పట్టకపోతే ఒక నిమిషం ఆగి మళ్లీ ప్రయత్నించండి. స్టార్ట్ అయ్యాక తీసే వరస సరిగ్గా తలకిందులు: ఇంజిన్ మీది నల్ల క్లిప్పు మొదట, సాయం కారు మైనస్, సాయం కారు ప్లస్, చివరికి మీ ప్లస్. తీసేటప్పుడు క్లిప్పులు ఒకదానికొకటి తగలనివ్వకండి. ఒక కొస ఇంకా బ్యాటరీకే ఉందని మర్చిపోయి కేబుల్ కింద పడేసేవాళ్లే ఎక్కువ.

మూడో జవాబు:
పై జవాబులో చివరి క్లిప్పు సంగతి మరీ చాదస్తం అనిపిస్తోంది. నేనెప్పుడూ నేరుగా మైనస్‌కే పెడతాను. ఏమీ కాలేదు. అంతా ఒకే లోహానికి కలిసేదే కదా.

రెండో జవాబు రాసినవారు:
కరెంటు లెక్కలో మీరన్నది నిజమే, మైనస్ అయినా ఇంజిన్ బ్లాక్ అయినా ఒకటే. తేడా నిప్పురవ్వలో ఉంది. నాలుగు క్లిప్పుల్లో సర్క్యూట్ పూర్తయ్యేది చివరిదానితో, కాబట్టి రవ్వ లేచేది అక్కడే. లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. గాలిలో అది 4 శాతం ఉంటే చాలు, అంటుకుంటుంది. పేలితే ఎగిరేది ప్లాస్టిక్ ముక్కలే కాదు, సల్ఫ్యూరిక్ యాసిడ్ కూడా. మామూలుగా గాలి ఆడుతుంటుంది కనుక ఏమీ కాదు, అందుకే మీకూ ఏమీ కాలేదు. కానీ ముఖం బ్యాటరీ మీదికి వంచి చేసే పనిలో, పైసా ఖర్చు లేకుండా రవ్వని మూరెడు దూరం జరపగలిగినప్పుడు జరపకపోవడానికి కారణం ఏముంది? కొత్త కార్లలో ఇంకో సంగతి ఉంది. మైనస్ క్లాంపు మీదే చిన్న సెన్సర్ ఉంటుంది, బ్యాటరీలోకి వచ్చేపోయే కరెంటుని అది లెక్కపెడుతుంది. అలాంటి కార్లకి ఎర్త్ పాయింట్ (నల్ల క్లిప్పు పెట్టాల్సిన చోటు) ఎక్కడో కారుతో వచ్చే మాన్యువల్ పుస్తకంలో బొమ్మ వేసి ఉంటుంది, అక్కడే పెట్టాలి.

యాసిడ్ కంట్లో పడితే వెంటనే నీళ్లధార కింద కనీసం పదిహేను నిమిషాలు కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. కళ్లకి రక్షణ అద్దాలు పెట్టుకుని చేస్తే ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది.

ప్రశ్న వేసినవారు:
చాలా థాంక్స్ అండీ. ఒక చిక్కు వచ్చింది. పక్కింటివాళ్లది హైబ్రిడ్ కారట. పర్వాలేదా?

నాలుగో జవాబు:
ఆగండి. హైబ్రిడ్‌లోనూ 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, కానీ అది చిన్నది. ఇంజిన్ని తిప్పే పని పెద్ద బ్యాటరీది. ఈ చిన్నది కంప్యూటర్లు మేల్కొనడానికే. సెల్ఫ్ మోటార్ వందా రెండొందల ఆంపియర్లు లాగుతుంది, ఆ బరువు దాని సర్క్యూట్ల మీద పడితే బాగుచేయించడం మామూలు ఖర్చు కాదు. చాలా హైబ్రిడ్ల మాన్యువల్‌లో ఇంకో కారుకి జంప్ ఇవ్వొద్దనే రాసి ఉంటుంది. ఆ మాన్యువల్ తెరిచి చూశాకే ముందుకెళ్లండి. నారింజ రంగు వైర్ల జోలికి అసలు పోకండి, అవి వందల వోల్టులవి.

లారీ డ్రైవర్ ఎవరైనా సాయం చేస్తానన్నా ముందు వోల్టేజి అడగండి. పెద్ద బళ్లలో 24 వోల్టులు ఉంటాయి. మీ బండి ఎలక్ట్రానిక్స్‌కి అది చావుదెబ్బ.

తోయడం గురించి: మాన్యువల్ గేరు కనుక వీలవుతుంది, ఇగ్నిషన్ ఆన్ చేసి రెండో గేరులో క్లచ్ వదిలితే. అయితే బ్యాటరీ బాగా పోతే ఇంజెక్టర్లకీ పెట్రోల్ పంపుకీ కరెంటు చాలక ఎంత తోసినా పట్టదు. ఇంజిన్ ఆడనంతసేపూ స్టీరింగ్, బ్రేకు రెండూ బరువుగా ఉంటాయి, వాలులో అది మంచిది కాదు. పైగా కాలని పెట్రోల్ సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని పాడుచేయొచ్చు. ఆటోమేటిక్ గేర్లవాళ్లకి ఈ దారే లేదు.

ప్రశ్న వేసినవారు:
మాన్యువల్‌లో వద్దనే ఉంది. ఇంకొకరి పెట్రోల్ కారు దొరికింది. అన్నీ మీరు చెప్పిన వరసలోనే పెట్టాం, కానీ టకటక తప్ప మార్పు లేదు. క్లిప్పు వైరు కొంచెం వేడెక్కింది కూడా.

రెండో జవాబు రాసినవారు:
కేబుల్ సన్నదైతే ఇదే జరుగుతుంది. పైన రబ్బరు లావుగా ఉండి లోపల తీగ పోగులాగా ఉండే రకాలు అమ్ముతారు. చిన్న పెట్రోల్ కారుకి రాగి తీగ కనీసం 16 చదరపు మిల్లీమీటర్లు, డీజిల్‌కి 25 ఉండాలి. ఉన్నదానితో కానివ్వాలంటే సాయం కారుని పది పదిహేను నిమిషాలు నడవనిస్తే మీ బ్యాటరీలోకి కొంత చార్జ్ ఎక్కుతుంది, అప్పుడు సెల్ఫ్ మొత్తం భారం కేబుల్ మీద పడదు. వైరు చేయి పెట్టలేనంత వేడెక్కితే ఆపేయాలి. ముందు చివరి నల్ల క్లిప్పు చూడండి. రంగు వేసిన చోటో, ప్లాస్టిక్ కవరు కింది పలుచని రేకుకో పెట్టారేమో. ఇంజిన్ని ఎత్తడానికి కొక్కెం లాంటి ఇనుప చెవి ఒకటి ఉంటుంది, దానికంటే మంచి చోటు లేదు. క్లిప్పు మార్చే ముందు సాయం కారు ఇంజిన్ ఆపండి.

ప్రశ్న వేసినవారు:
ఆ ఇనుప చెవి దొరికింది! క్లిప్పు అక్కడికి మార్చి పది నిమిషాలు ఆగి కొడితే ఒక్కసారికే పట్టింది. ఇంతకుముందు పెట్టింది రంగున్న బ్రాకెట్‌కి. గంటసేపు తిప్పుకొచ్చాను. ఈ ఉదయం మల్టీమీటర్ పెడితే 12.1 వోల్టులు చూపిస్తోంది. బండి స్టార్ట్ అయింది కనుక బాగున్నట్టేనా?

మొదటి జవాబు రాసినవారు:
నిండుగా ఉన్న బ్యాటరీ రాత్రంతా ఊరికే ఉన్నాక 12.6 దాకా చూపించాలి. 12.1 అంటే సగం కూడా లేదు. బాగా దిగిపోయిన బ్యాటరీని నింపే పని ఆల్టర్నేటర్‌కి (ఇంజిన్ నడుస్తుండగా కరెంటు పుట్టించే భాగానికి) అప్పగించకూడదు, గంట తిప్పినా పూర్తిగా ఎక్కదు. ఇంట్లో వాడుకునే కారు బ్యాటరీ చార్జర్‌తో రాత్రంతా పెట్టండి. మరో రాత్రి వదిలేశాక కొలిస్తే మళ్లీ 12.4 కిందికి దిగితే బ్యాటరీ ముసలిదైపోయింది. మామూలుగా అయిదేళ్లు దాటితే ఆశ పెట్టుకోకూడదు. 10.5 దగ్గరే ఆగిపోతే ఒక సెల్లు చచ్చిందని అనుమానించాలి.

ఇంజిన్ నడుస్తుండగా కూడా కొలవండి, 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే ఆల్టర్నేటర్ పనిచేస్తున్నట్టే. చాలా కొత్త కార్లలో ఇది పైకీ కిందికీ ఆడుతుంటుంది, అది లోపం కాదు. ఇంజిన్ ఆడుతుండగా బ్యాటరీ క్లాంపు ఊడదీసి "ఆగుతుందో లేదో చూద్దాం" అనే పాత పరీక్ష మాత్రం వద్దే వద్దు. ఒక్కసారిగా వోల్టేజి ఎగిసి కంప్యూటర్ పోవడానికి అంతకంటే దగ్గరి దారి లేదు.

రెండూ బాగున్నా వారంలో మళ్లీ దిగిపోతే కారు నిద్రలో కరెంటు తాగుతోందన్నమాట. 50 మిల్లీ ఆంపియర్ల దాకా సహజం, అది రోజుకి 1.2 ఆంపియర్ అవర్లు అవుతుంది. అంటే 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఏ లోపం లేకపోయినా కొన్ని వారాలకి చేతులెత్తేస్తుంది, మీ విషయంలో బహుశా జరిగింది అదే. అంతకంటే ఎక్కువ లాగుతుంటే డిక్కీ లైటు దగ్గర మొదలుపెట్టి ఫ్యూజులు ఒక్కొక్కటే తీసి చూడాలి. కారు లాక్ చేసి అరగంట ఆగాకే కొలవండి, లోపలి యూనిట్లన్నీ పడుకోవడానికి అంత పడుతుంది. మీటర్ని సిరీస్‌లో (బ్యాటరీ మైనస్‌కీ దాని వైరుకీ మధ్యలో) పెట్టి ఉన్నప్పుడు పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకండి, మీటర్ ఫ్యూజ్ ఎగిరిపోతుంది.