తాగేవారికి తెలియకుండా కూరలో మాత్ర కలపొచ్చా?

వేపచెట్టు:
తాగుడు మానని మనిషి ఇంట్లో ఉంటే ఊరంతా చెప్పే సలహా ఒకటే. "తాగుడు మాన్పించే మాత్ర పొడి చేసి కూరలో కలిపెయ్, వాడికి మాత్రం చెప్పకు." కొన్ని షాపుల్లో ఆ మాత్ర చీటీ లేకుండానే ఇచ్చేస్తున్నారు. గోడల మీద తాగుడు మాన్పించే పొడి పొట్లాల ప్రకటనలు సరేసరి. డాక్టర్లు ప్రమాదం అంటారు, ఇంకేం దారుందని ఇంటివాళ్లు అడుగుతారు. కలపొచ్చా, కలపకూడదా? కూడదంటే ఆ ఇల్లాలు రేపు పొద్దున లేచి ఏం చెయ్యాలి? సొంత కథలు వద్దు, పనికొచ్చే వివరం రాయండి.

మాత్రలసంచి:
కలపకూడదు. ఎందుకంటే ఆ మాత్ర పనిచేసే తీరు అలాంటిది. పేరు డైసల్ఫిరామ్. మద్యం కాలేయంలో ముందు ఎసిటాల్డిహైడ్ అనే విషంగా మారుతుంది, తర్వాత ఇంకో ఎంజైమ్ ఆ విషాన్ని విరిచేస్తుంది. ఈ మాత్ర ఆ రెండో ఎంజైమ్‌ని కట్టేస్తుంది. ఆ పైన తాగితే పది నిమిషాల నుంచి అరగంటలోపు మొహం ఎర్రబడి, గుండె దడ, తలపోటు, వాంతులు మొదలై బీపీ పడిపోతుంది. గుండె జబ్బు ఉన్నవాడికి గుండె లయ తప్పి ప్రాణం మీదికి రావచ్చు.

తెలిసి వేసుకున్నవాడికి ఈ భయమే కాపలా. తెలియనివాడికి భయం ఎక్కడి నుంచి వస్తుంది? ఎప్పటిలాగే క్వార్టర్ ఎత్తుతాడు. వాంతి అయితే సరుకు బాగాలేదనుకుని ఇంకో సీసా తెరుస్తాడు. పడిపోతే ఆసుపత్రిలో గుండెపోటు అనుకుంటారు, కలిపినవాళ్లేమో భయంతో నోరు విప్పరు.

ఈ మాత్ర మొదలుపెట్టేముందు ఆఖరి చుక్క తాగి కనీసం 12 గంటలు దాటాలి, చాలామంది డాక్టర్లు 24 గంటలు ఆగుతారు. కాలేయ పరీక్ష, ఈసీజీ చూస్తారు. గుండె జబ్బు, తీవ్రమైన కాలేయ జబ్బు, మతిభ్రమ, గర్భం ఉంటే ఇవ్వరు. విరేచనాలకు వాడే మెట్రోనిడజోల్‌తో కలిస్తే పిచ్చి చూపులు, భ్రమలు రావచ్చు. ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ ఒంట్లో ఎక్కువైపోతాయి. వంటింట్లో గరిటె పట్టుకున్న మనిషికి ఇవన్నీ చూసే వీలుందా?

ఇప్పటికే కలిపినవాళ్లు ఈ చర్చ చదువుతూ ఉంటే: ఈ రోజే ఆపండి. ప్రభావం రెండు వారాల దాకా పోదు, కాబట్టి అతనికి చెప్పక తప్పదు. నేరుగా చెప్పే ధైర్యం లేకపోతే డాక్టర్ చేత చెప్పించండి. ఛాతీ నొప్పి, ఊపిరాడకపోవడం, స్పృహ తప్పడం కనిపిస్తే 108కి ఫోన్ చేసి, ఏ మాత్ర, ఎన్ని రోజులు, ఆఖరుసారి ఎప్పుడు పెట్టారో చెప్పండి. పొట్లాల పొడి అయితే ఇంకా కష్టం, అందులో ఏముందో మీకే తెలియదు. ఆ పొట్లం వెంట తీసుకెళ్లండి.

అరుగుమీదిమాట:
మీ వివరం కాదనను. కానీ 2019లో ఎయిమ్స్ వాళ్ల జాతీయ సర్వే ఏం చెప్పింది? మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. ఆసుపత్రిలో ఉండి తీసుకునే చికిత్స 180 మందిలో ఒకరికి. మిగతా ఇళ్లలో ఆడవాళ్లు దెబ్బలు తింటూ, పుస్తెలు తాకట్టు పెట్టుకుంటూ "ఆయన ఒప్పుకునేదాకా" కూర్చోవాలా? పైగా ఆ మాత్ర పనికిరానిదేం కాదు. 2004లో ముంబయి అధ్యయనంలో ఏడాది తర్వాత డైసల్ఫిరామ్ వాడినవాళ్లలో 86 శాతం మంది తాగకుండా నిలిచారు, తాగుడు మాన్పించే ఇంకో మందు నాల్ట్రెక్సోన్ వాడినవాళ్లలో 44 శాతం. ఇంత గట్టి ఆయుధం చేతిలో పెట్టుకుని వాడొద్దంటే ఎలాగండీ?

మాత్రలసంచి:
అరుగుమీదిమాట గారూ, ఆ అధ్యయనంలో వాళ్లంతా తెలిసి, ఒప్పుకుని వేసుకున్నవాళ్లు. ఇంట్లో ఒకరు దగ్గరుండి మింగించారు. గెలిచింది మాత్ర ఒక్కటే కాదు, ఆ ఒప్పందం కూడా. అలా వాడదలిస్తే నేనే మొదట చేయెత్తుతాను. మామూలుగా రోజుకు 250 మిల్లీగ్రాములు, పొద్దున టిఫిన్ అయ్యాక, భార్యో అన్నో చూస్తుండగా, నీళ్లలో కలిపి తాగితే ఇంకా మంచిది, ఎందుకంటే నాలుక కింద దాచడం కుదరదు. జేబులో "డైసల్ఫిరామ్ వాడుతున్నాను" అని రాసిన చీటీ ఉండాలి. దగ్గు సిరప్, హోమియో చుక్కలు, గడ్డం గీసుకున్నాక రాసే లోషన్, చేతుల శానిటైజర్, వీటిలోనూ ఆల్కహాల్ ఉంటుంది. మొదలుపెట్టిన రెండు వారాలకు ఒక కాలేయ పరీక్ష, ఆ తర్వాత డాక్టర్ చెప్పినట్టు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా ఆ రోజే ఆపి చూపించాలి.

పూర్తిగా మానతానని మాట ఇవ్వనివాడికి నాల్ట్రెక్సోన్ 50 మిల్లీగ్రాములు ఉంది. తాగినా ఒళ్లు తిరగబడదు, తాగాలన్న గుంజుడు తగ్గుతుంది. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు వాడేవాళ్లకు మాత్రం కుదరదు. మానినవాడు మళ్లీ తాగకుండా ఇచ్చే ఇంకో మందు ఎకాంప్రోసేట్: 333 మిల్లీగ్రాముల మాత్రలు పూటకు రెండు చొప్పున మూడు పూటలు, 60 కిలోల లోపు బరువుంటే రోజుకు నాలుగు. దానికి కిడ్నీ పరీక్ష తప్పనిసరి.

రాత్రిడ్యూటీ:
కలిపినా, గదిలో పెట్టి తాళం వేసినా అందరూ మరిచే సంగతి ఒకటుంది. రోజూ తాగేవాడు ఒక్కసారిగా ఆపితే ఒళ్లు ఊరుకోదు. ఆరేడు గంటలకు చేతులు వణుకుతాయి, చెమటలు, నిద్ర రాదు. ఫిట్స్ ఎక్కువగా మొదటి 48 గంటల్లో వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి అసలు ఉపద్రవం: జ్వరం, లేనివి కనిపించడం, మంచం మీద పురుగులు పాకుతున్నాయని దులుపుకోవడం, ఎక్కడున్నాడో తెలియకపోవడం. దాన్ని ఇంట్లో పెట్టుకుంటే ప్రాణం పోతుంది. ఇదివరకు ఫిట్స్ వచ్చినవాడు, పొద్దున లేవగానే తాగేవాడు, షుగర్ లేదా కాలేయ జబ్బు ఉన్నవాడు, వీళ్లు ఆసుపత్రిలోనే ఆపాలి. అక్కడ ఒంటిని శాంతపరిచే క్లోర్‌డయాజెపాక్సైడ్, కాలేయం బాగాలేకపోతే లొరాజెపామ్ ఇచ్చి అయిదారు రోజుల్లో తగ్గించుకుంటూ వస్తారు.

ఇంకోటి. నీరసంగా ఉన్నాడని వీధి చివర ఆర్‌ఎంపీ గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తాడు. తాగేవాడి ఒంట్లో విటమిన్ బి1 అడుగంటి ఉంటుంది. ముందు ఆ బి1 (థయమిన్) ఇంజెక్షన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చయిపోయి, చూపు తిరగడం, నడక తూలడం, మతిమరుపు రావచ్చు. ఆ మతిమరుపు కొందరికి జన్మంతా పోదు. "ముందు బి1 ఇచ్చారా?" అని అడగండి. అడిగితే ఎవరూ కోప్పడరు.

పాలమూరుగాలి:
కల్లు సంగతి ఎవలూ ముట్టలేదు. మా దిక్కు చాలామంది తాగేది సీసా కాదు, కల్తీ కల్లు. అండ్ల ఆల్ప్రజోలం, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తు మందులు కలుపుతరు. 2015ల దాడులు పెరిగి ఆ కల్లు ఒక్కసారి ఆగిపోతే నిజామాబాద్ లాంటి జిల్లాలల్ల, ఇటు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిల జనం వరుస కట్టిండ్రు. మెడలు వంకర పోవుడు, ఫిట్స్, ఏదేదో మాట్లాడుడు. ఇసొంటోనికి అయిదు రోజుల లెక్క నడవది, మత్తు మాత్రను వారాల తరబడి జర జర తగ్గించాలె. ఆడోళ్లు గూడ మస్తు మంది తాగుతరు, ఎవరికీ చెప్పుకోరు. డాక్టర్‌కు "తాగుతడు" అని ఊకోవద్దు, "కల్లు తాగుతడు, ఇన్నేండ్ల సంది, దినాం ఇన్ని సీసలు" అని చెప్పాలె. డైసల్ఫిరామ్ కలిపితే డయాజెపామ్ ఒంట్లకెళ్లి పోకుండ మత్తు ఇంకింత పెరుగుతది, అది గూడ యాది పెట్టుకోండ్రి.

వకాల్తా:
చట్టం మాట. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక పరిస్థితులూ ఉన్నాయి. సమ్మతి లేకుండా చికిత్స ఇవ్వడం అందులో మినహాయింపే తప్ప నియమం కాదు. చెప్పకుండా కలపడానికి అందులో చోటు లేదు.

దీని అర్థం చేతులు కట్టుకు కూర్చోమని కాదు. 89వ సెక్షన్ ఉంది. మనిషి తనకు హాని చేసుకుంటున్నా, ఇతరుల మీద దాడి చేస్తున్నా, తన బాగోగులు చూసుకోలేనంతగా ఉన్నా, అతని నామినీ ప్రతినిధి (చట్టం ప్రకారం అతని తరఫున నిలబడే మనిషి) దరఖాస్తు ఇవ్వొచ్చు. సైకియాట్రిస్ట్ ఒకరు, మరో వైద్యుడో మానసిక ఆరోగ్య నిపుణుడో ఒకరు విడివిడిగా చూసి ఒప్పుకుంటే 30 రోజుల దాకా చేర్చుకోవచ్చు. చేర్చుకునే చికిత్సా కేంద్రం రిజిస్టర్ అయి ఉండాలి. అర్ధరాత్రి వ్యాన్‌లో మనుషుల్ని పంపి కట్టేసి తీసుకెళ్లే చోటు, ఇంటివాళ్లను నెలల తరబడి చూడనివ్వని చోటు, గొలుసులు వేసే చోటు చట్టవిరుద్ధం. అడ్వాన్స్ కట్టేముందు రిజిస్ట్రేషన్ పత్రం చూపించమనండి. సైకియాట్రిస్ట్ వారంలో ఏయే రోజులు వస్తారు, రాత్రి ఫిట్స్ వస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు, ఈ రెండూ అడగండి. తడబడితే వెనక్కి వచ్చేయండి.

గంజాయి లాంటి కేసుల్లో భయపడి దాక్కునేవాళ్లకు: స్వల్ప పరిమాణంతోనో వాడకంతోనో కేసు ఎదుర్కొంటున్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వస్తే, ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం 64ఎ సెక్షన్ కింద ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు.

అరుగుమీదిమాట:
సరే, కలపొద్దన్నది ఒప్పుకున్నాను. కానీ దాడి చెయ్యడు, హాని చేసుకోడు, రోజూ తాగి పడుకుంటాడు, డాక్టర్ అంటే తిడతాడు. ఎక్కువ ఇళ్లలో ఉన్నది ఇతనే. ఇతనికి 89 వర్తించదు. వేపచెట్టు గారు అడిగిన "రేపు పొద్దున" మాటకు జవాబు ఇంకా రాలేదు.

కుర్చీఎదురుగా:
దానికి జవాబుంది, మన దగ్గర ప్రచారమే లేదు. ముందు ఇంటివాళ్లకు శిక్షణ ఇచ్చి, వాళ్ల ద్వారా అతన్ని చికిత్సకు రప్పించే పద్ధతి, క్రాఫ్ట్ అంటారు. 1999లో అమెరికాలో 130 మంది కుటుంబసభ్యులతో చేసిన అధ్యయనంలో ఈ దారిలో 64 శాతం మంది తాగేవాళ్లు చికిత్సకు వచ్చారు. అందరూ కలిసి చుట్టుముట్టి నిలదీసే పద్ధతిలో 30 శాతం, తాగేవాళ్ల ఇంటివాళ్లు కలుసుకునే ఆల్‌అనాన్ బృందాల దారిలో 13 శాతం. ఆల్‌అనాన్ ఇంటివాళ్ల మనశ్శాంతి కోసం పుట్టిందన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి.

పని ఇలా ఉంటుంది. తాగి ఉన్నప్పుడు ఒక్క మాట కూడా మాట్లాడొద్దు. పొద్దున, కాఫీ తాగాక, రెండే వాక్యాలు: "నిన్న బాబు ఫీజు డబ్బు పోయింది. నాకు భయమేస్తోంది." తిట్టు లేదు, ఒట్టు వేయించుకోవడం అసలే లేదు. తాగని సాయంత్రం ఇష్టమైన కూర, పిల్లలతో కబుర్లు. తాగిన సాయంత్రం అన్నం మూతపెట్టి పక్క గదిలోకి వెళ్లిపోవడం. మేస్త్రీకి ఫోన్ చేసి "జ్వరం" అని అబద్ధం చెప్పడం, బెల్టు షాపు అప్పు తీర్చడం మానెయ్యాలి, వాటి బరువు అతనికే తెలియాలి. చెయ్యెత్తే మనిషైతే ఈ ప్రయోగాలేవీ చెయ్యొద్దు. 181 (మహిళల హెల్ప్‌లైన్)కో 112 (అత్యవసర నంబరు)కో చెప్పుకుని ముందు క్షేమంగా ఉండే చోటు చూసుకోవాలి.

"ఒకసారి చూపించుకుంటాలే" అనే క్షణం వస్తుంది. బండి మీంచి పడ్డాకో, రక్తం కక్కాకో. ఆ మాట ఒకటి రెండు రోజులే నిలుస్తుంది, కాబట్టి ఎక్కడికి వెళ్లాలో ముందే తెలిసి ఉండాలి. ఇల్లాలు ఒంటరిగానే మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446కి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేసి జిల్లాలో దగ్గరి కేంద్రం, ఓపీ రోజులు కనుక్కుని, ఆధార్ జిరాక్స్, పాత రిపోర్టులు ఒక కవర్లో పెట్టుకోవాలి. కేంద్ర సామాజిక న్యాయ శాఖ సాయంతో నడిచే పునరావాస కేంద్రాలున్నాయి. విశాఖ చినవాల్తేరు, హైదరాబాద్ ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి.

కార్తీకం:
మాల గురించి చెప్పాలి. అయ్యప్ప మాల వేస్తే మానతాడని ఇంటివాళ్లు ఆశపడతారు. 41 రోజుల దీక్ష నిజంగా పెద్ద ఆసరా: చన్నీళ్ల స్నానం, భిక్ష, సాయంత్రం ఆరింటికి భజన, చుట్టూ తాగని స్వాములు. తాగే గంటకు సరిగ్గా ఇంకో పని దొరుకుతుంది. రెండు చోట్ల దెబ్బ తింటుంది. మాల వేసిన పూటే తాగుడు ఆపితే రాత్రిడ్యూటీ గారు చెప్పిన ఫిట్స్ దీక్ష రెండో రోజు రావచ్చు, "స్వామి పూనాడు" అనుకుని గుడిలోనే ఉంచేస్తారు. రెండోది, మాల తీసిన సాయంత్రం. ఆరు వారాలు తాగని ఒంటికి పాత మోతాదు తట్టుకునే శక్తి తగ్గిపోతుంది, పాత లెక్కలో తాగి పడిపోతాడు. మాలకు పది రోజుల ముందే డాక్టర్ దగ్గర తాగుడు ఆపించి, మాల తీసే రోజుకు మాత్రో, తాగుడు మానాలనుకునేవాళ్లు కలుసుకునే ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) మీటింగో ఖాయం చేసుకుంటే ఆ 41 రోజులు వృథా పోవు. మీటింగులకు ఫీజు ఉండదు, పేరు చెప్పనక్కర్లేదు, తెలుగులో జరిగేవీ ఉన్నాయి.

మిగతా రోజులకు: సాయంత్రం అయిదున్నరకే కడుపు నిండా టిఫిన్ పెట్టండి, ఖాళీ కడుపుకు గుంజుడెక్కువ. తాగాలనే గుంజుడు చాలాసార్లు అరగంటలో దిగుతుంది. ఆ అరగంటకు ఫోన్ చెయ్యడానికి ఒక పేరు ఉండాలి, బెల్టు షాపు తగలని దారి ఉండాలి. కూలి డబ్బు చేతికివ్వకుండా ఖాతాలో పడేలా మేస్త్రీతో మాట్లాడుకోవాలి. పెళ్లిళ్లలో "మాత్రలు వాడుతున్నా, తాగితే ఆసుపత్రే" అనే ఒక్క వాక్యం చాలు, బావమరుదులు అంతకు మించి బలవంతం చెయ్యరు.

వేపచెట్టు:
ఒక్క సందేహం. ఒప్పుకుని డైసల్ఫిరామ్ వేసుకుంటున్నవాడు సంక్రాంతికి తాగుతానని పట్టుబట్టి మాత్ర మానేస్తే?

మాత్రలసంచి:
మానేసిన తేదీని క్యాలెండర్ మీద రాయండి. అక్కడి నుంచి 14 రోజులు తాగకూడదని అతనికే చెప్పండి, మీరు చాటుగా మాత్ర పెట్టొద్దు. ఆ రెండు వారాల్లోనే డాక్టర్‌ని కలవండి. చాలాసార్లు నాల్ట్రెక్సోన్‌కు మార్చేది అప్పుడే. తాగేశాడా, మర్నాడు పొద్దున ఫోన్ చెయ్యండి, పరువు పోయిందని చికిత్స మొత్తం ఆపెయ్యొద్దు. మళ్లీ డైసల్ఫిరామ్ మొదలుపెట్టాలంటే ఆ ఆఖరి గ్లాసు నుంచి గంటల లెక్క మళ్లీ కొత్తగా చూసుకోవాలి.